వీడియో క్యాసెట్టులో మన ఇంటి చరిత్ర



చరిత్ర అనగానే మనకు కోటలు, గుంబదులు, నవాబుల ఫర్మానాలు జ్ఞాపకం వస్తాయి. వాటిని గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. మేము ఈ సంచికలో మన బీరువాల పైన, అటకల మీద, ఇనుప ట్రంకు పెట్టెల్లో పడియున్న ఒక చిన్న చరిత్రను గురించి మనవి చేయదలచినాము. నల్లని ప్లాస్టిక్ డబ్బా, లోపల గోధుమరంగు టేపు, వెన్ను మీద ఉర్దూలో నిఖా అనో, వలీమా అనో, అఖీఖా అనో వ్రాసిన చీటీ. అదే వీడియో క్యాసెట్టు. సుమారు ఇరవై ఏండ్లపాటు మన ఇండ్లలో జరిగిన శుభకార్యాలన్నీ వాటిలోనే ఉన్నవి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి కాపాడుకొనే గడువు ఇప్పుడు దాటిపోవుచున్నది. "ఏముందిలే, ఎప్పుడో ఒకప్పుడు చూద్దాం" అనుకుంటే, ఆ చూసే రోజుకు టేపు ఉన్నా ఆడించే మెషిను ఉండదు. ఆ టేపు ఎక్కడ పుట్టింది, మన ఇంటికి ఎలా వచ్చింది, దాన్ని ఎలా నిలుపుకోవాలి అన్న మూడు సంగతులే ఈ వ్యాసం.

నకలు తీయడం మనకు కొత్త కాదు

టేపులోని బొమ్మను కంప్యూటరులోకి ఎక్కించడాన్ని ఈనాడు డిజిటైజ్ చేయడం అంటున్నారు. మన మాటల్లో చెప్పాలంటే అది నకలు తీయడమే. ఒక వస్తువు శిథిలం కాకముందే అందులోని విషయాన్ని మరొక దాని మీదికి దించడం.

ఈ జాగ్రత్త ఇస్లామీయ చరిత్రలో మొదటి నుండీ ఉన్నది. క్రీ.శ. 633 ప్రాంతంలో, హజ్రత్ అబూబక్ర్ (రజి.) ఖిలాఫత్ కాలంలో జరిగిన యమామా యుద్ధంలో ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసిన హాఫిజులు అనేకులు షహీద్ అయినారు. అది చూచి హజ్రత్ ఉమర్ (రజి.) దానిని ఒకచోట లిఖితంగా పోగుచేయించాలని సలహా ఇచ్చినారు. ఆ బాధ్యత హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి.) గారికి అప్పగించబడింది. తోలు ముక్కల మీద, ఖర్జూరపు మట్టల మీద వ్రాసియున్నవాటిని, మనుషుల గుండెల్లో ఉన్నదానిని సరిపోల్చుకుంటూ ఆయన ఆ పని నెరవేర్చినారు. తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజి.) కాలంలో నకళ్లు తీయించి ముఖ్య పట్టణాలకు పంపించినారు. పవిత్ర గ్రంథంతో ఇంటి టేపులను పోల్చడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు, అస్తగ్ఫిరుల్లాహ్. మోసేవారు పోకముందే మోసుకొచ్చినదానిని భద్రం చేయాలన్న బుద్ధి మనకు ఆనాటి నుండి ఉన్నదని చెప్పడమే మా ఉద్దేశం.

మన దగ్గరి ఉదాహరణ కూడా గలదు. హైదరాబాదులో 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ చేసిన గొప్ప పని ఇదే. పురుగు తినిపోతున్న అరబ్బీ వ్రాతప్రతులను వెతికి తెప్పించి, ఒక ప్రతితో మరొక ప్రతిని పోల్చి, తప్పులు సరిదిద్ది అచ్చు వేయించినారు. కాగితానికి పురుగు పట్టినట్లే టేపుకు బూజు పడుతుంది. వారు కాగితానికి చేసిన సేవ మనం టేపుకు చేయవలసియున్నది.

టేపు పుట్టుక

బొమ్మను, ధ్వనిని అయస్కాంతపు టేపు మీద నమోదు చేసే యంత్రాన్ని అమెరికాకు చెందిన ఆంపెక్స్ కంపెనీ 1956లో తొలిసారి అమ్మకానికి చూపించింది. ఆ టేపు వెడల్పు 2 అంగుళాలు. యంత్రం ఖరీదు సుమారు 50 వేల డాలర్లు. టెలివిజన్ కంపెనీలు తప్ప మరొకరు కొనలేని వస్తువు. 1971లో జపాను సోనీ కంపెనీ ముప్పావు అంగుళం టేపును డబ్బాలో బిగించి యు-మాటిక్ అనే పేరుతో తెచ్చింది. అదీ ఇండ్లకు చేరలేదు.

ఇండ్లకు చేరింది అరంగుళం టేపు. 1975లో సోనీవారి బీటామాక్స్, 1976లో జె.వి.సి. కంపెనీవారి వి.హెచ్.ఎస్. వచ్చినవి. బీటామాక్స్ బొమ్మ బాగుంటుందని పేరు. కాని మొదట్లో అందులో ఒక గంట మాత్రమే పట్టేది. వి.హెచ్.ఎస్.లో రెండు గంటలు పట్టేది. పైగా జె.వి.సి.వారు తమ పద్ధతిని ఇతర కంపెనీలకు కూడా ఇచ్చినారు. చివరకు వి.హెచ్.ఎస్. గెలిచింది. 1988లో సోనీ కంపెనీ కూడా వి.హెచ్.ఎస్. యంత్రాలు తయారు చేయక తప్పలేదు. మన ఇండ్లలో దొరికే పెద్ద క్యాసెట్టులు నూటికి తొంభైపాళ్లు ఇవే. తరువాత 1985లో వీడియో-8, 1989లో హై-8, 1995లో డి.వి. అనే చిన్న క్యాసెట్టులు వచ్చినవి. విదేశాల నుండి వచ్చినవారు తెచ్చిన చేతి కెమెరాల్లో ఇవి ఉండేవి.

లోపలి పని కూడా కొంచెం తెలిసియుంటే మంచిది. 3 గంటల వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో సుమారు 258 మీటర్ల టేపు ఉంటుంది. అది సెకనుకు రెండున్నర సెంటీమీటర్ల లోపే కదులుతుంది. కాని దాన్ని చదివే డోలు మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. ఆ డోలుకు అమర్చిన హెడ్డులు టేపు మీద ఏటవాలుగా, వెంట్రుకకంటె సన్నని గీతలు గీస్తాయి. బొమ్మ అంతా ఆ గీతల్లోనే ఉంటుంది. అందుకే ఒక ధూళికణం అడ్డుపడినా తెర మీద తెల్లని చారలు కనిపిస్తాయి.

గల్ఫ్ దారిలో మన ఇంటికి

1973లో చమురు ధర పెరిగిన తరువాత గల్ఫ్ దేశాల్లో పనులు విస్తరించినవి. హైదరాబాదు, కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది సౌదీ, కువైట్, దుబాయ్, మస్కట్, దోహాలకు బయలుదేరినారు. మన కుటుంబాల్లో ఎవరో ఒకరు వెళ్లని ఇల్లు తక్కువ. ఆ రోజుల్లో టెలిఫోను అందరికీ లేదు. ఉత్తరం పోయి జవాబు రావడానికి వారాలు పట్టేది. చదువురాని తల్లులు టేపురికార్డరు ముందు కూర్చొని మాటలు నింపి, ఆ ఆడియో క్యాసెట్టును వెళ్లేవారి చేతికిచ్చి పంపేవారు. కొడుకు అక్కడ గదిలో కూర్చొని వినేవాడు.

మన హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982లో ఢిల్లీలో జరిగిన ఏషియన్ గేమ్స్‌తో దేశానికి రంగుల టి.వి. వచ్చింది. ఆ సంవత్సరాల్లోనే గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చేవారు దుప్పట్లు, అత్తర్లు, టేపురికార్డర్లతోపాటు వి.సి.ఆర్.లు కూడా తెచ్చినారు. వీధికి ఒకటి ఉంటే వీధి అంతా ఆ ఇంట్లోనే. లేనివారు రాత్రికి అద్దెకు తెచ్చుకొనేవారు.

అప్పుడే పెండ్లి వీడియో అలవాటు అయ్యింది. అది కేవలం ఆడంబరం అని కొందరు పెద్దలు విమర్శించినారు. అందులో నిజం లేకపోలేదు. కాని దాని వెనుక ఒక అవసరం కూడా ఉండేది. చెల్లెలి నిఖాకు సెలవు దొరకని అన్న, బిడ్డ పుట్టిన రెండేండ్లకు గాని ముఖం చూడలేని తండ్రి, తల్లి జనాజాకు అందుకోలేని కొడుకు, వీరందరికీ ఆ క్యాసెట్టే దిక్కు. ఇక్కడి నుండి పోయే ప్రతి మనిషి సామానులో పచ్చళ్లతోపాటు ఒకటి రెండు క్యాసెట్టులు ఉండేవి. ఆ రోజుల్లో టేపు కూడా ఒక ఖత్, అనగా ఉత్తరమే.

ఆ టేపుల్లో ఏమున్నది

పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఒక్కరే కాదు. వెనుక కనిపించేది చూడండి. ఈనాడు అపార్టుమెంట్లు లేచిన చోట నాటి పెంకుటిల్లు, దాలాను, నడిమి వాకిలి కనిపిస్తాయి. మరమ్మత్తులు కాకముందు మస్జిద్ కనిపిస్తుంది. ఇప్పుడు లేని ఖాజీ సాబ్ ఖుత్బా చదివే గొంతు వినిపిస్తుంది. మాంఝా, సాంచఖ్, మెహందీ, జుమాగీ వంటి రసంలు ఏ ఇంట్లో ఏ తీరుగా జరిగినవో తెలుస్తుంది. ఢోలక్ ముందు కూర్చొని ఆడవాళ్లు పాడిన పాటలు వినిపిస్తాయి. అవి పుస్తకంలో చూసి పాడినవి కావు. నానీ నుండి తల్లికి, తల్లి నుండి కూతురికి వచ్చినవి. ఇక మన దఖ్నీ మాట. బడిలో మేము పిల్లలకు నేర్పే పుస్తకాల ఉర్దూ వేరు, ఇంట్లో దాదీ మాట్లాడే దఖ్నీ వేరు. ఆ యాస, ఆ సామెతలు వ్రాతలో చాలా కొద్దిగా నిలిచినవి. గొంతులో నిలిచినవి ఈ టేపుల్లోనే ఉన్నవి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఆనాటి వీడియోవారు మిక్సింగ్ పేరుతో అసలు ధ్వని తీసేసి సినిమా పాటలు ఎక్కించేవారు. కనుక అందంగా తయారైన క్యాసెట్టులో ముఖాలు ఉంటాయి గాని మాటలు ఉండవు. మిక్సింగ్‌కు ముందరి రా క్యాసెట్టు ఎక్కడైనా ఉంటే, చూడటానికి ఎంత విసుగుగా ఉన్నా, దానికే ఎక్కువ విలువ. పెద్దవారి గొంతు దొరికేది అందులోనే.

గడువు ఎందుకు దాటిపోతున్నది

టేపు అనేది పాలియెస్టర్ పట్టీ మీద ఒక రకమైన బంకతో అంటించిన అయస్కాంతపు పొడి. మన వాతావరణంలోని తేమను ఆ బంక పీల్చుకుంటుంది. కొన్నేండ్లకు అది మెత్తబడి జిగురవుతుంది, లేక పొడిగా రాలుతుంది. కోస్తా జిల్లాల తేమలో, మూసిన పెట్టెలో బూజు కూడా పడుతుంది. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లని మచ్చలుగా కనిపించేది అదే. అలాంటి దాన్ని మెషినులో వేయరాదు. టేపు తెగవచ్చు. బూజు హెడ్డుకు అంటి, తరువాత వేసిన మంచి టేపులకు కూడా పాకుతుంది. దాన్ని విడిగా ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వాలి.

టేపు కంటే ముందు మెషిను చచ్చిపోతున్నది. సోనీ కంపెనీ బీటామాక్స్ యంత్రాలను 2002లో ఆపివేసింది. చివరివరకు వి.సి.ఆర్.లు చేస్తూ వచ్చిన జపాను ఫునాయ్ కంపెనీ కూడా 2016 జూలైలో మానుకున్నది. ఇప్పుడున్నవి పాతవే. హెడ్డు అరిగితే కొత్తది దొరకదు, బాగుచేసే మెకానిక్కులు కూడా తగ్గిపోయినారు. 2019లో యునెస్కో, ప్రపంచ ధ్వని భాండాగారాల సంఘం కలిసి టేపుల విషయమై ఒక హెచ్చరిక జారీ చేసినవి. 2025 నాటికి యంత్రాలు, విడిభాగాలు దొరకడం కష్టమై పెద్ద ఎత్తున నకళ్లు తీయడం సాధ్యం కాకపోవచ్చని దాని సారాంశం. అది పెద్ద పెద్ద భాండాగారాల మాట. మన ట్రంకు పెట్టెల మాట వేరే చెప్పాలా?

కొందరంటారు, "మేము ఎప్పుడో వి.సి.డి. చేయించుకున్నాం కదా" అని. సంతోషం. కాని వి.సి.డి.లో బొమ్మకు అడ్డం 352, నిలువు 288 చుక్కలే. ఇప్పటి పద్ధతిలో అదే టేపు నుండి 720 అడ్డం, 576 నిలువు చుక్కలు తీసుకుంటారు. అంటే వి.సి.డి.లో వచ్చింది నాలుగో వంతే. ఇంట్లో వ్రాయించిన డిస్కులు కూడా గీతలు పడి, పొర లేచి చదవకుండా పోతున్నవి. కనుక వి.సి.డి. ఉన్నదని టేపును పారవేయకండి.

నకలు తీసే పద్ధతి

పని కష్టమైనది కాదు, ఓపిక కావాలి. బాగా నడిచే వి.సి.ఆర్., దాని నుండి బొమ్మకు పసుపు రంగు, ధ్వనికి తెలుపు, ఎరుపు రంగు వైర్లు, వాటిని కంప్యూటరుకు కలిపే క్యాప్చర్ పరికరం ఉంటే చాలు. 3 గంటల టేపు ఎక్కించడానికి 3 గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. బొమ్మ వణుకుతూ వంకరపోతుంటే మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ అనే సాధనం పెడితే నిలకడ వస్తుంది. డి.వి. చిన్న క్యాసెట్టులు ముందే అంకెల రూపంలో ఉంటాయి గనుక వాటిని పసుపు వైరుతో తీయించరాదు. ఫైర్‌వైర్ అనే వైరుతో తీస్తే ఉన్నది ఉన్నట్లు వస్తుంది.

మెషినులో వేయకముందు కొన్ని జాగ్రత్తలు:

1. క్యాసెట్టు వెన్ను మీద ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేయాలి. అప్పుడు పొరపాటున రికార్డు బటను నొక్కినా పాతది చెరిగిపోదు.

2. ఏ దేశపు టేపో అడగాలి. మన దేశంలోను, కువైట్, దుబాయ్, మస్కట్‌లలోను ఆనాడు పాల్ పద్ధతి. సౌదీ టి.వి. ప్రసారాలు సెకాం పద్ధతి. అమెరికాలో ఎన్.టి.ఎస్.సి. పద్ధతి. సౌదీ టేపు ఇక్కడ రంగు లేకుండా ఆడితే రంగు పోయిందని అనుకోకండి. అన్ని పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టం మెషినులో వేసి చూడండి.

3. ఒకే పెండ్లి టేపు రెండు మూడు ఇండ్లలో ఉంటే అసలుది ఏదో తెలుసుకోవాలి. టేపు నుండి టేపుకు నకలు తీసిన ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది. తరచుగా అసలు టేపు గల్ఫ్‌కు పోయి, ఇక్కడ నకలు మిగిలియుంటుంది.

4. బొమ్మను వెడల్పు టి.వి.కి సరిపెట్టాలని సాగదీయించకండి. మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. పక్కల నల్లని ఖాళీ ఉన్నా ఫరవాలేదు.

డి.వి. రూపంలో దాచితే గంటకు సుమారు 13 జి.బి., అనగా 3 గంటల టేపుకు 39 జి.బి. స్థలం పడుతుంది. ఇది పెట్టెలో దాచే ప్రతి. బంధువులకు పంపేందుకు ఎంపీ-4 రూపంలో చిన్న ప్రతి వేరే చేయించుకోవచ్చు. చిన్నది ఉన్నదని పెద్దదాన్ని చెరిపేయకూడదు. మొత్తం మూడు ప్రతులు ఉండాలి. రెండు వేర్వేరు పరికరాల మీద ఉండాలి. ఒకటి వేరే ఊళ్లో, అన్న ఇంట్లోనో ఆడబిడ్డ ఇంట్లోనో ఉండాలి. నకలు తీసిన తరువాత కూడా అసలు టేపును పుస్తకంలాగా నిలువుగా, చల్లని పొడి చోట ఉంచాలి.

సనద్ లేని మాట నిలువదు

హదీసు విద్యలో ఒక మాటను స్వీకరించేముందు అది ఎవరి నుండి ఎవరికి వచ్చిందో చూస్తారు. దానినే సనద్ అంటారు. మధ్యలో మనుషులు ఎంత తక్కువ ఉంటే ఆ సనద్ అంత ఉన్నతమైనదని విద్వాంసులు భావించినారు. మన టేపులకు ఈ బుద్ధి ఎంతో అవసరం. అసలు టేపును వెతకమన్నది అందుకే. రెండవది, పేర్లు. కంప్యూటరులో పెండ్లి-1, పెండ్లి-2 అని దాచితే పదేండ్లకు అది ఎవరి పెండ్లో ఎవరూ చెప్పలేరు. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరి కార్యం, ఎవరు తీసినారు, ఏ టేపు నుండి నకలు తీసినారు అన్నవి పక్కన ఒక కాగితం మీద వ్రాసియుంచాలి.

చీటీల మీద ఉన్నది ఉర్దూ. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం చదువులు. దాదా చేతివ్రాత వారికి గీతలుగానే కనిపిస్తుంది. కనుక ఆ చీటీని పారవేయకుండా ఫొటో తీసి, అందులోని మాటలు తెలుగులో కూడా వ్రాయండి. ఆ పనికి మా వంటి ఉర్దూ ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నారు. ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి టేపు ఆడిస్తూ, "ఈమె ఎవరు? ఆ షేర్వానీ ఆయన ఎవరు?" అని అడిగి పేర్లు వ్రాసుకోండి. టేపులోని గొంతు కాపాడబడినా ఆ పేరు చెప్పే మనిషి లేకపోతే సగం పోయినట్లే. మెషిను కంటే ముందు ఆ మనిషి పోవచ్చు.

అమానత్ మాట

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. తస్వీర్ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు గలవు. ఆ చర్చలోకి మేము పోవడం లేదు. ఇప్పటికే ఇండ్లలో ఉన్న టేపుల విషయంలో మాత్రం అందరూ ఒప్పుకొనే మాట ఒకటున్నది. అవి అమానత్.

ఆ రోజుల్లో జనానాలోకి కెమెరా వచ్చినప్పుడు మన తల్లులు, అక్కచెల్లెళ్లు "ఇంటివాళ్లే కదా చూసేది" అన్న నమ్మకంతో నిలబడినారు. నవ్వినారు, పాడినారు. ఇంటర్నెట్టు అనే మాట కూడా వారికి తెలియదు. ఈనాడు అదే టేపు ఎంపీ-4 అయి ఒక్క వేలి తాకుడుతో వేయిమంది ఫోన్లలోకి పోగలదు. వారు ఇచ్చిన అనుమతి ఇంటికే గాని బజారుకు కాదు. అందులో కొందరు తరువాత పర్దా పాటించినారు. కొందరు అల్లాహ్ పిలుపుకు పోయినారు, అనుమతి అడుగుదామన్నా లేరు. కొన్ని పెండ్లిండ్లు నిలువలేదు. ఆ బొమ్మ మళ్లీ బయటికి వస్తే వేరే సంసారంలో ఉన్న ఆమెకు ఎంత బాధ!

కనుక దుకాణంలో ఇస్తే పక్కన ఉండి తీయించుకోండి, వారి కంప్యూటరులో ప్రతి ఉంచకుండా చెరిపించండి. జనానా భాగం, మర్దానా భాగం వేర్వేరు ఫైళ్లుగా చేయించండి. జనానా భాగం ఇంటి ఆడవారి దగ్గరే ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబులో పెట్టేముందు అందులో ఉన్నవారిని అడగాలి, వారు లేకుంటే వారి పిల్లలను అడగాలి. ఎవరైనా ఆడబిడ్డ "నా భాగం తీసేయండి" అంటే వాదించకుండా తీసేయాలి. చరిత్రను కాపాడాలని మేము ఇంతసేపు చెప్పినాము. కాని బ్రతికున్న మనిషి ఇజ్జత్ ముందు ఏ చరిత్ర అయినా తక్కువే.

సంఘానికి మనవి

ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క మెషిను కొనడం కాని పని. నడిచే వి.సి.ఆర్. ఒకటి, క్యాప్చర్ పరికరం ఒకటి సంఘం పేరున ఉంటే సభ్యులందరికీ ఉపయోగపడుతుంది. కంప్యూటరు చదువుకున్న మన యువకులు ఆదివారాల్లో ఆ పని చూడగలరు. జనానా టేపులు చూసేందుకు చదువుకున్న ఆడపిల్లలనే నియమించాలి. రేషను, స్కాలర్‌షిప్పు, వైద్య సహాయం ముందు, ఇది తరువాత అని కొందరు అనవచ్చు. నిజమే, ఆకలి ముందు. అయితే ఆకలి తీర్చడానికే కదా మనవాళ్లు ఎడారికి పోయింది. వారి ఎడబాటుకు మిగిలిన సాక్ష్యం ఈ టేపులే. పనివాళ్లుగా పోయినవారిని గురించి పుస్తకాలు వ్రాసేవారు కొద్దిమందే. వారి చరిత్ర వారి ఇంటి అటక మీద ఉన్నది.

ఈ శుక్రవారం జుమా నమాజు తరువాత ఇంటికి పోయి పెట్టెలు దించండి. ఎన్ని క్యాసెట్టులు ఉన్నవో లెక్కపెట్టి, చీటీలు చదివి, పెద్దలున్న టేపును ముందు, పిల్లలున్నదాన్ని తరువాత వరుసలో పెట్టండి. అల్లాహ్ మన పెద్దలను మన్నించుగాక, వారి మాటను మన పిల్లల దాకా చేర్చే తౌఫీఖ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.